ప్రాక్ స్టేటస్‌లో యూమాస్క్ లైను: ఏళ్ల తరబడి వాడాక

లినక్స్‌లో ఒక ప్రాసెస్ కొత్త ఫైల్ సృష్టించినప్పుడు దానికి ఏ పర్మిషన్లు రాకూడదో చెప్పేది యూమాస్క్. అది 0022 అయితే ఫైళ్లు మామూలుగా 0644తో (యజమాని రాయగలరు, మిగతావాళ్లు చదవగలరు అంతే), డైరెక్టరీలు 0755తో పుడతాయి. ఇంత చిన్న సంఖ్యని నడుస్తున్న ప్రాసెస్ నుంచి చదివే తిన్నని దారి చాలా ఏళ్లు లేదు. 2016లో వచ్చిన 4.7 కెర్నల్‌తో (లినక్స్ మూల భాగం) అది దొరికింది. ప్రాక్ (ప్రాసెస్‌ల వివరాలను కెర్నల్ చూపించే /proc డైరెక్టరీ) కింద, ప్రాసెస్ నంబరుతో ఉండే డైరెక్టరీలో స్టేటస్ అనే ఫైల్ తెరిస్తే మొదటి లైను పేరు, రెండో లైనే యూమాస్క్. సర్వర్లు చూసుకునే నాకు ఆ ఒక్క లైను ఎంత పని తగ్గించిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అంతకుముందు తిప్పలు తక్కువ కాదు. యూమాస్క్ సిస్టమ్ కాల్‌తో (ప్రోగ్రామ్ కెర్నల్‌ని పని అడిగే పద్ధతి) పాత విలువ తెలుసుకోవాలంటే కొత్త విలువ పెట్టి తీరాలి. పెట్టి, పాతది అందుకుని, మళ్లీ దాన్నే వెనక్కి పెట్టాలి. ఒక ప్రాసెస్‌లోని త్రెడ్లన్నీ (ఒకేసారి నడిచే పని పాయలు) సాధారణంగా ఒకే యూమాస్క్‌ని పంచుకుంటాయి. ఆ రెండు కాల్స్ మధ్య సందులో ఇంకో త్రెడ్ ఫైల్ సృష్టిస్తే దానికి తప్పుడు పర్మిషన్లు పడతాయి. సున్నా పెట్టి చదివారనుకోండి, ఆ క్షణంలో పుట్టిన ఫైల్లో ఎవరైనా రాసే వీలు రావచ్చు. వేరే ప్రాసెస్‌ది చూడాలంటే ఇంకా కష్టం: డీబగ్గర్ తగిలించి, దాని చేతే ఆ కాల్ చేయించాలి. ప్రొడక్షన్‌లో నడుస్తున్న డేటాబేస్‌కి జీడీబీ అనే డీబగ్గర్ తగిలించమంటే ఎవరికైనా టెన్షనే.

ఆ లైనుని కెర్నల్‌లో చేర్చిన ప్యాచ్ (కోడ్ మార్పు) రాసిన రిచర్డ్ జోన్స్ మొదట చదవడం కోసమే ఒక కొత్త సిస్టమ్ కాల్ ప్రతిపాదించారు. తర్వాత అది ప్రాక్ వైపు మళ్లింది. మాలాంటి వాళ్లకి ఇదే మేలైంది. ఫైల్లో పదాలు వెతికే గ్రెప్ కమాండ్ కొట్టడం వస్తే చాలు, ఏ ప్రాసెస్‌దైనా చూడొచ్చు. మామూలుగా దానికి రూట్ అధికారం కూడా అక్కర్లేదు.

ఒక సందర్భం చెప్తాను. ఒక అప్‌లోడ్ సర్వీసు పెట్టిన ఫైళ్లలో అదే గ్రూపులోని రెండో సర్వీసు రాయలేక ఎర్రర్ ఇస్తోంది. అప్‌లోడ్ యూజర్‌గా లాగిన్ అయి ఖాళీ ఫైల్ సృష్టించే టచ్ కమాండ్ కొడితే మాత్రం 0664తో (గ్రూపు కూడా రాయగలిగేలా) చక్కగా వస్తోంది. షెల్‌లో యూమాస్క్ 0002. సర్వీసు స్టేటస్ ఫైల్ చూస్తే 0022! సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ మన లాగిన్ షెల్ ఫైళ్లు చదవదు. యూనిట్‌లో (సర్వీసు సెట్టింగుల ఫైల్) ఏమీ రాయకపోతే సిస్టమ్ సర్వీసుకి 0022 ఇస్తుంది. యూనిట్‌లో 0002 రాసి, రీస్టార్ట్ చేసి మళ్లీ అదే లైను చూశాను, మారింది. కారణం తెలుసుకోవడానికి సర్వీసుని ఆపాల్సిన పని రాలేదు, మార్పు అందిందన్న రుజువూ అక్కడే దొరికింది.

కొరతలూ ఉన్నాయి. కనిపించేది ఈ క్షణపు విలువే, దాన్ని ఎవరు ఎప్పుడు పెట్టారో తెలియదు. డైరెక్టరీకి డిఫాల్ట్ ఏసీఎల్ (విడిగా రాసిపెట్టే అదనపు పర్మిషన్ల జాబితా) ఉంటే అక్కడ యూమాస్క్ పనిచేయదు, కాబట్టి ఈ సంఖ్య ఒక్కటే చూసి ఫైల్ పర్మిషన్లు లెక్కకట్టకూడదు. ప్రాక్ మౌంట్ చేయని క్రూట్‌లో (ప్రాసెస్‌ని ఒక డైరెక్టరీకే పరిమితం చేసే ఏర్పాటు) ఈ సౌకర్యమే ఉండదు. ఉబుంటు 16.04తో మొదట వచ్చిన 4.4 కెర్నల్ లాంటి పాతవాటిలో ఆ లైనే కనిపించదు.

స్క్రిప్టులు రాసేవాళ్లు ఇంకో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. జాంబీ ప్రాసెస్‌కి (పని ముగిసినా పట్టికలో మిగిలిపోయినది) ఈ లైను రాదు. లైను కచ్చితంగా ఉంటుందనుకుని రాసిన స్క్రిప్ట్ అక్కడ దెబ్బతింటుంది. కెర్నల్ సొంత పనులకు నడిపే కెర్నల్ త్రెడ్లకు 0000 కనిపించడం మామూలే. భద్రతా తనిఖీలో సున్నా యూమాస్క్ ఉన్న ప్రాసెస్‌లని ఏరేటప్పుడు, రెండో నంబరు ప్రాసెస్‌నీ దాని పిల్లల్నీ ముందే పక్కన పెట్టండి, అవే ఆ కెర్నల్ త్రెడ్లు.