పిల్లల చేతికి నిజమైన పని దొరికే స్టూల్ కిట్

పిల్లలతో కలిసి చేసుకోవచ్చని చెప్పి అమ్మే చాలా కిట్లలో పనంతా పెద్దవాళ్లదే, పిల్లలకి మిగిలేది స్టిక్కర్లు అంటించడం. ఈ పైన్ చెక్క స్టూల్ కిట్ అలాంటిది కాదు. మా ఎనిమిదేళ్ల అమ్మాయితో కలిసి తయారు చేశాను. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

పెట్టెలో పైపలక, నాలుగు కాళ్లు, వాటిని కలిపే అడ్డకర్రలు, చెక్క చీలలు, స్క్రూలు, చిన్న సీసాలో తెల్ల జిగురు, 120, 220 నంబర్ల శాండ్ పేపర్లు ఉన్నాయి. అంతా అసలు చెక్కే, ఎం.డి.ఎఫ్. (చెక్క పీచుని జిగురుతో కలిపి అదిమి చేసే పలక) కాదు. నాకు ఇది ముఖ్యం. ఎం.డి.ఎఫ్.లో స్క్రూని ఒకటికి రెండుసార్లు విప్పి బిగిస్తే పట్టు పోతుంది, పిల్లలతో పనంటే విప్పడం, బిగించడం మామూలే కదా. పైన్ మెత్తని చెక్క కాబట్టి చిన్న చేతులతో రుద్దినా తేడా కనిపిస్తుంది. కాకపోతే గట్టిగా ఏది తగిలినా నొక్కులు పడతాయి, అది తెలిసే కొనండి.

మా అమ్మాయి ఎక్కువసేపు చేసింది సాపు చేసే పనే. మొదట 120, తర్వాత 220. నంబరు పెరిగేకొద్దీ కాగితం నున్నగా ఉంటుంది. చెక్కలో గీతలు ఎటు పోతే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే పడే గీరలు అప్పటికి కనిపించవు, నూనె పట్టించాక బయటపడతాయి. ఒక్కో కాలూ అయ్యాక కళ్లు మూసుకుని తడిమి చూసి, “ఇక్కడ ఇంకా గరుగ్గా ఉందమ్మా” అనేది. నా కంటికి ఆనని చోట్లు తన వేళ్లకి దొరికాయి. (దుమ్ము బాగా రేగుతుంది, ఇద్దరూ మాస్కులు పెట్టుకోండి.)

నాకు బాగా నచ్చింది చీలల పని. ఒక్కో చీల పొడవునా సన్నని గాడులు ఉంటాయి. “ఇవెందుకు?” అని అడిగింది. బెజ్జం అడుగు మూసి ఉంటుంది కాబట్టి చీల దిగుతున్నప్పుడు లోపలున్న జిగురూ గాలీ బయటికి రావాలి, వాటికి ఇదే దారి అన్నాను. దారి లేకపోతే చీల మధ్యలోనే ఆగిపోతుంది, బలవంతంగా కొడితే చెక్క పగలొచ్చు. రబ్బరు సుత్తితో మెల్లగా కొట్టింది. ఒక్కో దెబ్బకీ గాడుల చివర జిగురు చుక్కలు పైకి వస్తుంటే, తల వంచి చూస్తూ కొట్టడమే మర్చిపోయింది. ఆ చుక్కల్ని వెంటనే తడిగుడ్డతో తుడిచేయాలి, ఆరిపోతే అక్కడ నూనె ఇంకదు.

కాళ్లూ అడ్డకర్రలూ కలిపాక మూల నుంచి ఎదురు మూలకి టేపు పెట్టి కొలవండి. రెండు కొలతలూ సమానంగా వస్తే చట్రం వంకర లేకుండా ఉన్నట్టు. టేపుకి ఒక కొస తనకిచ్చాను, నిజంగానే ఇద్దరు మనుషులుంటే తప్ప కుదరని పని ఇది.

ఇక స్టారు తగ్గించిన కారణం. మాకొచ్చిన పెట్టెలో ఒక కాలి బెజ్జం లోతు చాలలేదు. చీల పూర్తిగా దిగక అతుకు దగ్గర సందు వచ్చింది. చీల కొస కాస్త కోసి సరిచేశాను గానీ, మొదటిసారి చేసేవాళ్లకి అక్కడే టెన్షన్ మొదలవుతుంది. జిగురు రాయకముందే అన్నీ ఒకసారి పొడిగా అమర్చి చూసుకోండి. ఈ మాట కిట్‌తో ఇచ్చిన పుస్తకంలో ఉండాల్సింది, లేదు. ఏ పని పెద్దవాళ్లు చేయాలో, ఏది పిల్లలకి వదలొచ్చో కూడా రాయలేదు. జిగురు పూర్తి బలం రావడానికి దాదాపు 24 గంటలు పడుతుందన్న సంగతీ లేదు. అప్పటిదాకా స్టూల్ ఎక్కకుండా పిల్లల్ని ఆపడమే కష్టం. స్క్రూలు బిగుతుగా దిగుతుంటే వాటి మరలకి కొవ్వొత్తి మైనం రాయండి, అప్పుడు పిల్లలు కూడా తిప్పగలరు.

నూనె కిట్‌లో రాదు, విడిగా తెచ్చుకోవాలి. అవిసె నూనె వాడితే, తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండగా ఉంటే వాటంతటవే అంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరనివ్వండి. ఈ ఒక్క పనీ పిల్లలకి వదలకుండా మీరే చూసుకోండి.