రొకమడూరా, కోంకా?

రెండూ నైరుతి ఫ్రాన్స్‌లో కొండను అంటిపెట్టుకున్న మధ్యయుగపు యాత్రాస్థలాలే. రొకమడూర్ దూరం నుంచే కట్టిపడేస్తుంది: అల్జూ లోయ మీద నిటారు కొండచరియ, ఒకప్పుడు భక్తులు మోకాళ్లతో ఎక్కిన 216 మెట్లు, పైన నల్లని మేరీమాత విగ్రహం. పెద్దవాళ్లతో వెళ్తే టెన్షన్ లేదు, లిఫ్ట్ ఉంది. కానీ వేసవిలో విపరీతమైన రద్దీ.

నా ఓటు కోంక్‌కే. 9వ శతాబ్దంలో ఇక్కడి సన్యాసి ఒకరు అజాన్ పట్టణం నుంచి సెయింట్ ఫోయ్ అనే బాలిక అస్థికలను ఎత్తుకొచ్చారట. దొంగసొత్తే ఊరికి యాత్రికులనూ సంపదనూ తెచ్చిపెట్టింది! ఆమె బంగారు విగ్రహం ఇప్పటికీ అక్కడే ఉంది. చర్చి వాకిలిపై 12వ శతాబ్దపు ‘తుది తీర్పు’ శిల్పంలో నరకం వైపే ఎక్కువసేపు చూస్తాం. లోపల చిత్రకారుడు పియర్ సూలాజ్ రూపొందించిన, బొమ్మల్లేని 104 గాజు కిటికీలు 1994 నాటివి.