బుధ సంక్రమణం: తెర మీద చూడాలా, ఫిల్టర్‌తోనా?

2032 నవంబరు 13న బుధుడు మళ్లీ సూర్యబింబం మీదుగా వెళ్తాడు. చాలా కాలమే ఉంది. అయినా చిన్న టెలిస్కోప్ ఉన్నవాళ్లు నన్ను అడిగేది ఒకటే: ఐపీస్ (కన్ను పెట్టే కటకం) వెనక తెల్లకాగితం పెట్టి, దాని మీద పడే సూర్యబింబాన్ని చూస్తే చాలదా, సోలార్ ఫిల్టర్ కొనాల్సిందేనా?

ఈ కాగితపు తెర పద్ధతంటే నాకు గౌరవం. 1631లో పారిస్‌లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు గసెండి బుధ సంక్రమణాన్ని చూసింది ఇలాగే. పదిమంది ఒకేసారి చూడొచ్చు. శుక్రుడైతే నేనూ ఇది చాలనేవాణ్ణి, ఆ చుక్క సూర్యుడి వ్యాసంలో దాదాపు 32వ వంతు ఉంటుంది. కానీ శుక్ర సంక్రమణం మళ్లీ 2117లోనే. బుధుడి చుక్క నవంబరులో దాదాపు 194వ వంతే. కాగితం మీద 15 సెంటీమీటర్ల సూర్యుణ్ణి పడేసినా అది మిల్లీమీటరుకు రాదు.

నా దృష్టిలో తేల్చేది ఈ చుక్క సైజే. 2016 మే 9న నేను తెరతోనే మొదలుపెట్టాను. కాగితం గరుకు, పక్కల నుంచి పడే వెలుతురు, గాలి వణుకు కలిసి, సూర్యమచ్చ ఏదో బుధుడు ఏదో చాలాసేపు తేలలేదు. ఫిల్టర్ తొడిగి 60 రెట్లలో చూడగానే తేలిపోయింది. మచ్చ చుట్టూ బూడిదరంగు అంచు ఉంది. బుధుడు మాత్రం గీసినట్టు గుండ్రంగా, కారునలుపు. ఆ నలుపు కాగితం మీద దొరకదు.

ఫిల్టర్ టెలిస్కోప్ ముందు మూతికే బిగించాలి. ఐపీస్‌కు తగిలించే రకం వేడికి పగలొచ్చు, దాన్ని ముట్టుకోవద్దు. కంటితో చూడటానికి వెలుగును లక్షో వంతుకు తగ్గించే రకమే కావాలి. ఫొటోల కోసమే చేసిన పలచటి ఫిల్టర్‌లో కన్ను పెట్టకూడదు. గురి చూసుకోవడానికి టెలిస్కోప్ పక్కన ఉండే చిన్న గొట్టానికి, అంటే ఫైండర్‌కు, మూత మరవద్దు. తెర పద్ధతికి అద్దాలూ కటకాలూ కలిసిన పొట్టి టెలిస్కోపులు వాడొద్దు, లోపల వేడి పేరుకుపోతుంది.

ఫొటోలకూ ఫిల్టరే. కాగితాన్ని పక్కనుంచి తీస్తే సూర్యుడు కోలగా వస్తాడు. ఫోకల్ లెంగ్త్‌ను 109తో భాగిస్తే సెన్సార్ మీద సూర్యుడి సైజు దాదాపుగా వస్తుంది. 400 మి.మీ. లెన్స్‌తో బుధుడికి దక్కేవి సుమారు 5 పిక్సెళ్లు, 1000 మి.మీ.తో 12 (పిక్సెల్ 4 మైక్రాన్లనుకుంటే). చిన్న వీడియోలు తీసి, స్థిరంగా ఉన్న ఫ్రేములను ఏరి కలిపితే అంచు ఇంకా తేరుతుంది.

బైనాక్యులర్స్ దీనికి చాలవు. హైడ్రోజన్ ఆల్ఫా టెలిస్కోప్ (హైడ్రోజన్ ఎర్రటి వెలుగులో మాత్రమే సూర్యుణ్ణి చూపేది) అద్భుతమే, కానీ ఖరీదు, ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఏది ఎంచుకున్నా ఫోకస్ ముందే కుదుర్చుకోండి. బుధుడు అంచు తాకి పూర్తిగా లోపలికి రావడానికి రెండు మూడు నిమిషాలు చాలు. సూర్యమచ్చలున్న రోజుల్లో ఇప్పటినుంచే సాధన చేయండి.