మూడేళ్లుగా కారులో: వచ్చిపోయే మిస్‌ఫైర్‌ను పట్టించిన బ్లూటూత్ స్కానర్

ఎత్తు ఎక్కుతున్నప్పుడు, నాలుగో గేరులో, 45–50 కిలోమీటర్ల వేగం దగ్గర యాక్సిలరేటర్ కాస్త గట్టిగా నొక్కితే కారు ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు జర్క్ కొట్టేది. వెంటనే ఇంకోటి. చెక్ ఇంజిన్ లైటు నాలుగైదుసార్లు మిణుకుమని ఆరిపోయేది. గేరు తగ్గిస్తే అంతా మామూలే. ఆ రోజుకి మళ్లీ రాదు, ఒక్కోసారి వారం దాకా రాదు. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పిన రోజు అసలే రాదు. "ఇప్పుడు బాగానే ఉంది కదండీ" అంటే నా దగ్గర సమాధానం ఉండేది కాదు.

ఆ ఐదారు నెలల్లో నాలుగు స్పార్క్ ప్లగ్‌లు మార్చారు. ఇంజెక్టర్లు విప్పి క్లీన్ చేశారు. చివరికి అనుమానం మీద, ప్లగ్‌కి స్పార్క్ వోల్టేజి ఇచ్చే కాయిల్ ఒకటి కూడా మార్చారు. ప్రతి పని తర్వాతా వారం, పది రోజులు కారు హాయిగా నడిచేది. హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ అదే జర్క్. ఆ టెన్షన్ భరించలేకే ఈ స్కానర్ కొన్నాను. ఇప్పటికి మూడేళ్లు దాటింది.

వస్తువు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో (ఇంజిన్ కంప్యూటర్ పట్టిన లోపాలను చదివే చోటు) గుచ్చాలి, బ్లూటూత్‌తో ఫోన్‌లోని యాప్‌కి కలుస్తుంది. ఈ సాకెట్ అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయింది కాబట్టి ఆ తర్వాతి కార్లలో చాలావాటికి పనికొస్తుంది.

నేను మొదట చేసిన తప్పు ముందు చెబుతాను, ఎందుకంటే స్కానర్ కొన్న చాలామంది ఇదే చేస్తారు. గుచ్చగానే పీ0300 అనే కోడ్ కనిపించింది. ఫలానా సిలిండర్ అని తేలకుండా మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు మండకుండా పోవడం) అవుతోందని దాని అర్థం. చూశాను, కోడ్‌ను క్లియర్ చేశాను. కోడ్‌తోపాటు ఆ క్షణంలో ఇంజిన్ కంప్యూటర్ దాచిపెట్టిన ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోయింది. మిస్ అయినప్పుడు వేగం ఎంత, ఇంజిన్ ఎంత తిరుగుతోంది, ఎంత లోడు మీద ఉంది, ఎంత వేడెక్కి ఉంది అన్నీ అందులో ఉంటాయి. వచ్చిపోయే జబ్బుకి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. అది చేజేతులా పోగొట్టుకుని, మళ్లీ పదకొండు రోజులు ఎదురుచూశాను.

రెండోసారి పీ0302 వచ్చింది. రెండో సిలిండర్. ఈసారి దేన్నీ ముట్టుకోకుండా ముందు స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. వేగం 47, ఇంజిన్ 1,690 ఆర్‌పీఎం, లోడు 84 శాతం, కూలెంట్ 91 డిగ్రీలు. అంటే ఇంజిన్ బాగా వేడెక్కాక, తక్కువ తిరుగుడులో ఎక్కువ బరువు లాగుతున్నప్పుడు మిస్ అవుతోంది. లోడు పెరిగితే సిలిండర్‌లోకి గాలి ఎక్కువ వెళ్తుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. బలహీనపడిన కాయిల్ అయినా, గ్యాప్ పెరిగిన ప్లగ్ అయినా, చిట్లిన కాయిల్ రబ్బరు అయినా ముందుగా చేతులెత్తేసేది అక్కడే. నా కారు ఖాళీగా ఐడిల్‌లో ఎందుకు అంత నిమ్మళంగా ఉండేదో అప్పుడు అర్థమైంది.

ఈ స్కానర్‌లో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మోడ్ 06 అనే పేజీ. యాప్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది, చాలామంది తెరవరు. ఇంజిన్ కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షల ఫలితాలు అందులో ఉంటాయి, సిలిండర్ వారీగా మిస్‌ఫైర్ల లెక్కతో సహా. ఆ లెక్క ఎలా వస్తుందంటే, ప్రతి సిలిండర్ మండినప్పుడు క్రాంక్‌షాఫ్ట్ కొద్దిగా వేగం పుంజుకుంటుంది. మండకపోతే ఆ పుంజుకోవడం ఉండదు. క్రాంక్ సెన్సర్ ఆ చిన్న తేడాను పట్టుకుంటుంది. యాప్ పేర్లు చూపకుండా ఉత్త నంబర్లే చూపిస్తే ఇలా చదువుకోవాలి: మానిటర్ ఏ2 అంటే ఒకటో సిలిండర్, ఏ3 రెండోది, ఏ4 మూడోది, ఏ5 నాలుగోది. వాటి కింద టెస్ట్ 0బీ అంటే గత 10 డ్రైవింగ్ సైకిళ్ల (స్టార్ట్ చేసి ఆపేదాకా ఒక సైకిల్) సగటు, 0సీ అంటే చివరి లేదా ఇప్పుడు నడుస్తున్న సైకిల్ లెక్క. లైటు వెలగకపోయినా, కోడ్ పడకపోయినా ఈ లెక్క మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కోడ్‌కి ఒక హద్దు ఉంటుంది, చాలా సందర్భాల్లో వరసగా రెండు ట్రిప్పుల్లో ఆ హద్దు దాటితేగాని లైటు వెలిగి నిలవదు. ఈ లెక్కలోకి ఆ హద్దు దాటని మిస్‌లు కూడా వస్తాయి. కాకపోతే కాన్ పద్ధతిలో (కారులోని కంప్యూటర్లు సమాచారం పంపుకునే ఒక తీరు) మాట్లాడే కార్లలోనే ఇది ఇలా దొరుకుతుంది. అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ 2008 మోడల్ నుంచి కాన్ తప్పనిసరి. బాగా గుంతల రోడ్డు మీద కొన్ని కార్లు లెక్కపెట్టడం ఆపేస్తాయి, చక్రాల కుదుపును మిస్‌ఫైర్ అనుకోకుండా ఉండటానికి.

ఆ రోజు నుంచి ఇంటికొచ్చి ఇంజిన్ ఆపే ముందు నాలుగు సిలిండర్ల అంకెలూ చిన్న నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. మొదటి వారం ఒక సాయంత్రం రాసినవి: ఒకటి 0, రెండు 214, మూడు 1, నాలుగు 0. ఆరోజు నాకు తెలిసి జర్క్ కొట్టింది మూడుసార్లే.

ఇక కాయిల్ మార్పిడి. రెండో సిలిండర్ మీది కాయిల్ తీసి మూడోదాని మీద, మూడోది రెండోదాని మీద పెట్టాలి. మిస్ కాయిల్‌తోపాటు మూడోదానికి మారితే కాయిల్ చెడ్డది, లేకపోతే కాదు. మల్టీమీటర్‌తో కాయిల్‌ను కొలిచి "ఇది మంచిదే" అనేయడం కన్నా ఈ పద్ధతే మేలని నా అభిప్రాయం. చల్లగా ఉన్నప్పుడు సరైన కొలత చూపించే కాయిల్ వేడెక్కి లోడు మీదకి వెళ్లాక చేతులెత్తేయవచ్చు. మార్చాను. ఎనిమిది రోజులు నాలుగూ సున్నాలే! ఏ కాయిల్ దగ్గరా ఏమీ లేదు. తొమ్మిదో రోజు రెండో సిలిండర్‌లో 137. అంటే కాయిల్ కాదు. తర్వాత రెండో ప్లగ్‌ను నాలుగోదానితో మార్చాను. ప్లగ్ పింగాణీ మీద నల్లటి సన్న గీత ఉందేమోనని భూతద్దం పెట్టి చూశాను, స్పార్క్ పక్కదారి పడితే అలాంటి గీత పడుతుంది. లేదు. గ్యాప్ సరిగ్గానే ఉంది. మళ్లీ ఏడు రోజులు సున్నాలు, ఆపైన మళ్లీ రెండోదే.

ఆ రాత్రి నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాను. పాత బిల్లుల తేదీలు కూడా పక్కన రాసుకున్నాను. ప్లగ్‌లు మార్చాక వారం బాగుంది. ఇంజెక్టర్లు క్లీన్ చేశాక పది రోజులు బాగుంది. కాయిల్ మార్చాక వారం. నేను అటూ ఇటూ చేశాక ఎనిమిది రోజులు, ఏడు రోజులు. చేసిన పనులన్నీ వేర్వేరు, కానీ బాగుండే కాలం మాత్రం ఒకటే. ఈ పనులన్నిటిలో ఏది ఉమ్మడి? నా కారులో ప్లగ్ తీయాలన్నా, కాయిల్ తీయాలన్నా, ఇంజెక్టర్ల దగ్గరికి వెళ్లాలన్నా ముందు కాయిల్ మీది కప్లర్ (వైరును కాయిల్‌కి కలిపే ప్లాస్టిక్ ముక్క) పీకాలి. పని అయ్యాక మళ్లీ గట్టిగా నొక్కి పెట్టాలి. బాగు చేస్తున్నది ఆ నొక్కడమే.

పొద్దున్నే బానెట్ ఎత్తి ఇంజిన్ ఆపి ఉండగానే నాలుగు కప్లర్లనూ రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగి చూశాను. మూడు కదల్లేదు. రెండోది మాత్రం వెంట్రుకవాసి వెనక్కి జరిగింది, శబ్దం లేకుండా. టార్చ్ వేసి చూస్తే దాని ప్లాస్టిక్ లాకు మొన విరిగిపోయి ఉంది, విరిగిన చోట దుమ్ము పేరుకుని ఉంది, అంటే కొత్తగా విరిగింది కాదు. పీకి లోపల చూశాను. మిగతా కప్లర్లలో ఇత్తడి రంగు రేకులు ముక్కుపుడకలాగా బిగువుగా దగ్గరకి ఉన్నాయి. దీంట్లో ఒకటి నోరు తెరుచుకుని ఉంది. అదే మందం ఉన్న పిన్ను ఒకటి గుచ్చి చూస్తే మిగతా వాటిలో అది కప్లర్‌ను తలకిందులు చేసినా పడలేదు, దీంట్లోంచి జారిపోయింది. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, కాయిల్ దగ్గర వేల వోల్టులు ఉంటాయి కాబట్టి చెయ్యి పెట్టకుండా, పొడి చెక్కపుల్లతో ఆ వైరును కొద్దిగా పక్కకి నెట్టాను. ఇంజిన్ వణికింది. వదిలితే సర్దుకుంది. మళ్లీ నెట్టాను, మళ్లీ వణికింది. ఫోన్‌లో రెండో సిలిండర్ లెక్క పెరిగింది. నెలల తరబడి వెంటాడినది కళ్లముందే ఒక పుల్ల మొనతో వస్తూ పోతూ ఉంటే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

లోడు మీదే ఎందుకు వచ్చేదో కూడా తేలిపోయింది. గట్టిగా లాగుతున్నప్పుడు ఇంజిన్ తన మౌంట్ల మీద ఒక పక్కకి ఒరుగుతుంది. వైరింగ్ బిగుతుగా ఉన్నందువల్ల అప్పుడు రెండో కప్లర్‌ను లాగుతోంది. స్పార్క్ బలహీనతకు అచ్చం అదే లక్షణం, కారణం మాత్రం లూజ్ కాంటాక్ట్. కాయిల్ సర్క్యూట్ కోడ్ పీ0352 పడి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కాంటాక్ట్ పోయింది క్షణకాలమే కాబట్టి అది నాకెప్పుడూ పడలేదు. చిన్న వైరు ముక్కలతో వచ్చే కొత్త కప్లర్ తెచ్చి మెకానిక్‌తో సరిగ్గా క్రింప్ చేయించాను, పక్కనున్న క్లిప్ ఒకటి జరిపి వైరుకి కాస్త వదులు ఇప్పించాను. అప్పటి నుంచి రెండేళ్లు దాటింది, రెండో సిలిండర్ సగటు సున్నా దగ్గరే ఉంది.

ఇప్పుడు స్కానర్ లోపాలు. నిజానికి ఇది నేను కొన్న రెండోది. మొదటిది బాగా చౌకరకం, మీద ఈఎల్‌ఎం327 అనే స్కానర్ చిప్ పేరు రాసి ఉండేది. ఆ చిప్‌ను రూపొందించిన కెనడా కంపెనీ 2022లో మూతపడింది. ఆ పేరుతో దొరికేవాటిలో నకళ్లే ఎక్కువ. నాకు దొరికిన నకలు మామూలు కోడ్‌లు చదివేది కానీ మోడ్ 06 అడిగితే ఖాళీ పేజీ చూపించేది, పొడుగ్గా వచ్చే సమాధానాలు దానికి పట్టేవి కావు. కొనేముందు "మోడ్ 06 చదువుతుందా" అని అడగండి. ఇప్పుడున్నదానికీ వేగం తక్కువే. ఒకేసారి పది రీడింగులు పెడితే ఒక్కొక్కటి రెండు సెకన్లకోసారి మారుతుంది. కాబట్టి జర్క్ కొట్టిన క్షణాన్ని గ్రాఫులో చూడొచ్చనుకుంటే కుదరదు, దానికి ఆసిల్లోస్కోప్ కావాలి. నేను రెండు మూడు రీడింగులకు మించి పెట్టను. ఫోన్ లాక్ అయితే కనెక్షన్ పోతుంది, ఒక్కోసారి పీకి మళ్లీ గుచ్చితేగాని కలవదు.

మిస్‌ఫైర్ ఒక్కటే కాకుండా మా తమ్ముడి కారు ఐడిల్‌లో ఊగుతుంటే కూడా పనికొచ్చింది. ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) ఐడిల్‌లో ప్లస్ 19, అదే 2,500 ఆర్‌పీఎం దగ్గర ప్లస్ 4. ఐడిల్‌లో ఎక్కువుండి రేజ్ చేస్తే తగ్గితే ఎక్కడో దొంగగాలి లోపలికి పోతున్నట్టు. వెతికితే ఇన్‌టేక్ వెనక ఒక సన్న రబ్బరు పైపు చిట్లి కనిపించింది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మిస్ అయిన సిలిండర్‌లోంచి మండని ఆక్సిజన్ బయటికొచ్చి సెన్సర్‌కి తగులుతుంది. పెట్రోలు తక్కువైందనుకుని కంప్యూటర్ ఇంకా పోస్తుంది. కాబట్టి ఎడతెగకుండా మిస్ అవుతున్న కారులో ట్రిమ్ ప్లస్‌లో ఉందని వెంటనే గాలి లీకేజీ వెతకడం మొదలుపెట్టకూడదు, ముందు మిస్‌ఫైర్ సంగతి తేల్చుకోవాలి.

లైటు మిణుకుతుంటే మాత్రం రీడింగు కోసమని కాలు అలాగే నొక్కి ఉంచకండి. మండని పెట్రోలు వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, అది కాలిపోతుంది. పరీక్ష కోసమైనా నేను రెండు జర్క్‌లకి మించి ఎప్పుడూ లాగలేదు. అంకెలు చూడాల్సినప్పుడు బండి పక్కకి తీసి ఆపి చూసేవాడిని.

మరో విషయం, ఆ సాకెట్‌లో 16వ పిన్నుకి తాళం తీసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. మొదటి ఏడాది స్కానర్‌ను గుచ్చే ఉంచి మూడు వారాలు కారు తీయకపోతే స్టార్ట్ కాలేదు. ఇప్పుడది గ్లవ్ బాక్స్‌లో, ఆ నోట్‌బుక్ పక్కనే ఉంటుంది. నెలకోసారి తీసి గుచ్చి, నాలుగు అంకెలు రాసి, మళ్లీ అక్కడే పెట్టేస్తాను.