తెర అడుగున రెండు వరుసలు: ఇరవై రెండేళ్లు వాడాక

కొన్న వారానికే రాసే సమీక్షలను నేను నమ్మను. కుక్కరైనా కుర్చీ అయినా కొన్నాళ్లు వాడితే గానీ దాని గుణం బయటపడదు. విదేశీ సినిమా అనే సరుకును నేను 2002 నుంచి వాడుతున్నాను. మొదట ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలు, తర్వాత డిస్కులు, డిసెంబరులో సెలవు దొరికిన ఏడాది తిరువనంతపురం చిత్రోత్సవం, ఇప్పుడు ఇంట్లో టీవీ. ఇరవై రెండేళ్లు దాటింది కాబట్టి ఏది మన్నిందో, ఏది వెలిసిపోయిందో కాస్త ధైర్యంగానే చెప్పగలను.

మొదట చూసింది ఇటలీ సినిమా ‘బైసికిల్ థీవ్స్’. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్త. చిన్న హాలు, ఇనుప కుర్చీలు, నెత్తిన చప్పుడు చేసే ఫ్యాను. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. ఒక్క మాట జారిపోయినా కథ జారిపోతుందన్న భయంతో, తెర అడుగున ఇంగ్లీషులో వచ్చే రెండు వరుసల మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను. బయటికి వచ్చి టీ తాగుతుంటే పక్కనున్న పెద్దాయన ‘ఆ దుప్పట్ల గుట్ట చూశారా?’ అని అడిగారు. చూశానన్నట్టు తలూపాను. నిజానికి ఏ గుట్టా చూడలేదు. అక్కడ చదవడానికి ఏమీ లేదు కాబట్టి కళ్లజోడు తుడుచుకుంటూ ఉండి ఉంటాను.

ఆ గుట్టను రెండేళ్ల తర్వాత డిస్కులో చూశాను. యుద్ధం ముగిసిన కొత్తలో రోమ్ నగరం. ఆంటోనియోకు గోడల మీద పోస్టర్లు అంటించే పని దొరుకుతుంది గానీ, సైకిల్ ఉంటేనే ఉద్యోగం. సైకిలేమో తాకట్టులో ఉంది. భార్య మరియా మంచం మీది దుప్పట్లు లాగేసి మూట కడుతుంది. తాకట్టు కార్యాలయంలో గుమాస్తా ఆ మూటను భుజాన వేసుకుని లోపలికి వెళ్లి, నిచ్చెన ఎక్కినట్టు అరలు పట్టుకుని ఎక్కుతాడు. కెమెరా అతని వెంట పైకి లేస్తుంది. అన్నీ మూటలే, కప్పు దాకా మూటలే. ఊరు ఊరంతా పక్కబట్టలు కుదువ పెట్టి నేల మీద పడుకుంటోందన్న సంగతి ఆ కొద్ది క్షణాల్లో తెలిసిపోతుంది. ఇత్తడి బిందెల మీద పేరు చెక్కించుకునే మనవాళ్లు, వాటిని వరుసలో పెట్టిన తాకట్టు కొట్టు లోపల ఒక్కసారైనా నిలబడి ఉంటే, ఈ దృశ్యానికి ఏ భాషలోనూ సబ్‌టైటిల్ అక్కర్లేదు.

1948 నాటి ఆ సినిమాలో ఆంటోనియోగా నటించిన లాంబెర్టో మజ్జొరానీ ఒక ఫ్యాక్టరీ కార్మికుడు. 1950లో లండన్‌లో ఈ సినిమా చూశాకే తానూ సినిమా తీయాలని సత్యజిత్ రాయ్ గట్టిగా నిశ్చయించుకున్నారు. 1952లో మన దేశపు తొలి అంతర్జాతీయ చిత్రోత్సవంలోనూ ఇది ఉంది. ఆ ఉత్సవం బొంబాయి నుంచి మద్రాసుకూ వచ్చింది. అప్పటి మన సినిమావాళ్లంతా మద్రాసులోనే ఉండేవారు కదా, వాళ్లలో ఎవరెవరు ఆ దుప్పట్ల గుట్ట చూసి ఉంటారా అని ఇప్పటికీ అనుకుంటుంటాను.

ఇక సబ్‌టైటిల్స్ సంగతి. ఈ సరుకు మీద నా పెద్ద ఫిర్యాదు అదే. ఇన్నేళ్లలో ఒక్క యూరప్ సినిమా కూడా తెలుగు సబ్‌టైటిల్స్‌తో నా చేతికి రాలేదు. ఫ్రాన్సు నుంచి మనింటికి వచ్చే మాట ఇంగ్లీషు గుమ్మం దాటి రావాలి. దాటేటప్పుడు ఏదో ఒకటి గుమ్మం అవతలే వదిలేసి వస్తుంది. అలా ఎక్కువగా పోయేది నువ్వు, మీరు అన్న తేడా. ఫ్రెంచివాళ్లకు ‘తూ’, ‘వూ’ ఉన్నాయి, ఇటాలియన్లకూ అలాంటివి ఉన్నాయి. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి సినిమా సగం దాకా ‘మీరు’ అనుకుంటూ వచ్చి ఎక్కడో హఠాత్తుగా ‘నువ్వు’లోకి దిగితే, కింద రెండుసార్లూ ఒకే ఇంగ్లీషు ముక్క పడుతుంది. మన పాత సినిమాల్లో నాయిక ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు మారిన చోట హాల్లో ఈలలు పడేవి. అంతటి సంఘటన ఇక్కడ చప్పుడు లేకుండా జరిగిపోతుంది. ‘తూ’, ‘వూ’ రెండూ చెవికి పట్టిన రోజున, ఫ్రెంచి సినిమాలో నేనెప్పుడూ చూడని సగం నాకు కనబడింది. అప్పటి నుంచీ కింది వరుసల మీద ఒక కన్నే వేసి ఉంచుతున్నాను.

పేర్ల దగ్గరా ఇదే గొడవ. ఫ్రెంచి దర్శకుడు ట్రూఫో 1959లో తీసిన సినిమా ఇంగ్లీషు పేరును తెలుగులోకి తిప్పుకుంటే ‘నాలుగు వందల దెబ్బలు’ అవుతుంది. పిల్లవాడి కథ అన్నారు, పేరేమో ఇది. పాపం ఎన్ని దెబ్బలు తింటాడో అని బెంగగా లెక్కపెట్టుకుంటూ చూశాను. చెంపదెబ్బలు పడ్డాయి గానీ లెక్క దగ్గరికి కూడా రాలేదు. అది ఫ్రెంచిలో ఒక పలుకుబడి అనీ, అడ్డూ అదుపూ లేని అల్లరిని అలా అంటారనీ చాలా తర్వాత తెలిసింది. పలుకుబడిని మాటకు మాట మారిస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి నా దగ్గర ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

వెలిసిపోయినవి కూడా చెప్పాలి. స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ తీసిన ‘సెవెంత్ సీల్’లో వీరుడు మృత్యువుతో చదరంగం ఆడే దృశ్యం పాతికేళ్ల వయసులో నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఇప్పుడు చూస్తే క్యాలెండర్ బొమ్మలా ఉంది, అందంగానే ఉంది గానీ అక్కడే ఆగిపోయింది. అదే సినిమాలో ఎండపూట గడ్డి మీద కూర్చుని అందరూ అడవి స్ట్రాబెర్రీలు తిని, ఒకే గిన్నెలోని పాలు తాగే చోటును అప్పట్లో ముందుకు తోసేసేవాణ్ని. ఇప్పుడు దానికోసమే చూస్తున్నాను. హఠాత్తుగా హింస చూపించి ఉలిక్కిపడేట్టు చేసే సినిమాల జోలికి రెండోసారి వెళ్లను. ఉలికిపాటు ఒక్కసారికే పనిచేస్తుంది.

రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ సినిమా దగ్గర నిద్రపోయానని ఒప్పుకోవడానికి సిగ్గుపడను. తిరువనంతపురంలో ఆ రోజు అది నాలుగో సినిమా, మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. ‘నోస్టాల్జియా’ చివర్లో ఒకాయన నీళ్లు తీసేసిన కొలనులో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని నడుస్తాడు. ఆరిపోతే మళ్లీ మొదటికి వచ్చి వెలిగించుకుంటాడు. దాదాపు తొమ్మిది నిమిషాలు, మధ్యలో ఎక్కడా కత్తిరింపు లేదు. కునుకు తీసి కళ్లు తెరిచేసరికి ఆయన ఇంకా నడుస్తూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక మళ్లీ పెట్టుకుని మెలకువగా చూశాను. కోటు అంచును మంటకు అడ్డం పెట్టుకుని అడుగులో అడుగు వేస్తుంటే, కార్తీక పున్నమి నాడు కొంగు చాటున దీపం దాచుకుని చెరువు దాకా నడిచే మా నానమ్మ గుర్తొచ్చింది. గాలి వీచిన ప్రతిసారీ ఆమె కూడా అలాగే ఆగిపోయేది. ఆ తొమ్మిది నిమిషాలు తార్కోవ్‌స్కీ కన్నా ముందు నాకు ఆమే చూపించిందనిపించింది.

బెల్జియం దర్శకురాలు శాంతల్ అకెర్మన్ 1975లో తీసిన ‘జాన్ దీల్‌మాన్’ నిడివి 3 గంటల 21 నిమిషాలు. బ్రస్సెల్స్‌లో ఒక వితంతువు మూడు రోజుల పాటు చేసే ఇంటిపని. మొదటిసారి గంటలో వదిలేశాను. బ్రిటన్‌లోని ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకులను పదేళ్లకోసారి ఓట్లడుగుతుంది. 1952లో ‘బైసికిల్ థీవ్స్’ను మొదట నిలబెట్టిన ఆ జాబితాలో 2022లో ఈ సినిమా మొదట వచ్చింది. సరే, నా తప్పేమిటో చూద్దామని ఒక ఆదివారం పూర్తిగా చూశాను. రెండో రోజు బంగాళాదుంపలు ఎక్కువ ఉడికిపోతాయి. ఆ గిన్నె పట్టుకుని ఏం చేయాలో తోచక ఆమె ఆ గదికీ ఈ గదికీ తిరుగుతుంది. అంతవరకూ గడియారంలా నడిచిన మనిషి అక్కడ పట్టు తప్పుతుంది. కథంతా ఆ గిన్నెలోనే ఉంది. గుమ్మంలో నిలబడి కాసేపు చూసిన మా ఆవిడ, ‘దీనికోసం మూడున్నర గంటలు కూర్చోవడం ఎందుకండీ, వంటింట్లోకి వస్తే రోజూ చూపిస్తాను కదా’ అంది. ఆ విమర్శకు నా దగ్గర సమాధానం లేదు. ఆ రోజు గిన్నెలు నేనే తోమాను.

జపాన్ దర్శకుడు ఓజు 1953లో తీసిన ‘టోక్యో స్టోరీ’ ఏమాత్రం అరగలేదు. ఓజు కెమెరా నేల మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఉంటుంది. చాప మీద కూర్చుని పెరిగిన మనకు అది కొత్త ఎత్తు కాదు. ఒనొమిచి అనే ఊరి నుంచి ముసలి తల్లిదండ్రులు నగరంలోని పిల్లల్ని చూడటానికి వస్తారు. పిల్లలకు తీరిక ఉండదు. ఇద్దరినీ అతామీ సముద్రతీరంలోని వసతి గృహానికి పంపేస్తారు. అక్కడ రాత్రంతా కుర్రకారు గోల, నిద్ర పట్టదు. తెల్లారాక గట్టు మీద పక్కపక్కనే కూర్చుంటారు. లేవబోతే పెద్దావిడకు కళ్లు తిరుగుతాయి. యుద్ధంలో పోయిన కొడుకు భార్య నోరికో ఒక్కతే సెలవు పెట్టి వాళ్లకు నగరం చూపిస్తుంది. ఇంట్లో ఏమీ లేక పక్కింట్లో సాకే అనే బియ్యపు సారా అరువు తెచ్చి మామగారికి పోస్తుంది. ఇక్కడా ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో మర్యాద మాటలన్నీ రాలిపోతాయి. నేను మాత్రం నోరికో మాట్లాడిన ప్రతిసారీ మనసులో ‘మావయ్యగారూ’, ‘అత్తయ్యా’ అని చేర్చుకుంటాను. అలా చేర్చుకున్నాకే, కడుపున పుట్టిన కూతురి మాట ఎంత పొడిగా ఉందో తెలిసింది. తండ్రి వేషం వేసిన చిషు ర్యుకు అప్పటికి 49 ఏళ్లట. ఆ నడుమును, ఆ కూర్చునే తీరును చూసి డెబ్బైకి ఒక్క రోజు తక్కువన్నా నమ్మను.

ఇక అన్నింటికన్నా ఎక్కువగా వాడిన సినిమా, ఇరాన్ దర్శకుడు కియరోస్తమీ 1987లో తీసినది. తెలుగులో ‘స్నేహితుడి ఇల్లెక్కడ?’ అనుకోవచ్చు. పెర్షియన్ పేరు ‘ఖానె-యె దూస్త్ కొజాస్త్’. దవాఖానా, కార్ఖానా, దోస్తు అనే మాటల మధ్య పెరిగిన నాకు ఆ పేరులో మూడింట రెండు వంతులు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఇరాన్‌లోని కోకెర్ అనే ఊళ్లో అహ్మద్ అనే పిల్లవాడు పక్కవాడి నోటుపుస్తకం పొరపాటున ఇంటికి తెచ్చేస్తాడు. ఇంకోసారి నోటుపుస్తకంలో రాసుకురాకపోతే బడి నుంచి పంపేస్తానని మాస్టారు ఆ పక్కవాణ్ని అప్పటికే హెచ్చరించి ఉన్నాడు. వాడి ఇల్లు పొష్తె అనే పక్క ఊళ్లో ఎక్కడో ఉంది. ఇక మెలికల దారి పట్టుకుని కొండ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. కథ అంతే.

పెద్దవాళ్లు ఎవరూ వాడి మాట వినరు. అదీ అసలు విషయం. తల్లి హోంవర్క్ చేసుకోమంటుంది. వెంటనే ఉయ్యాల ఊపమంటుంది. తాత తన దగ్గర సిగరెట్లు ఉండగానే సిగరెట్లు తెమ్మని పంపుతాడు, క్రమశిక్షణ నేర్పడానికట. ఇనుప తలుపులు అమ్మే ఒకాయన ఏదో రాసుకోవడానికి కాగితం కావాలని, వాడు వద్దంటున్నా ఆ నోటుపుస్తకం లోంచే పేజీ చింపుతాడు. ఆ చింపిన చప్పుడుకు నేను ప్రతిసారీ ఉలిక్కిపడతాను. పైన ఉలికిపాటు గురించి అన్న మాట ఇక్కడ వర్తించదు.

దీన్ని మా అమ్మ పక్కన కూర్చుని చూసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు కాబట్టి నేను ఒక్కో వరుసా తెలుగులో చెబుతూ పోయాను. పావుగంట విని, ‘నువ్వు ఊరుకోరా, నాకు తెలుస్తూనే ఉంది’ అంది. నోరు మూసుకున్నాను. తాత దగ్గర ‘ముసలాడికి పనిలేదు’ అని గొణిగింది. పాత చెక్క తలుపులు చేసిన ముసలి వడ్రంగి నెమ్మదిగా నడుస్తూ పిల్లవాడికి ఆలస్యం చేస్తుంటే, ‘పాపం, మాట్లాడేవాళ్లు లేరు ఆయనకు’ అంది. చివర్లో మాస్టారు నోటుపుస్తకం తెరిచి, పేజీల మధ్య ఉన్న పువ్వును చూసిన చోట ఏమీ అనలేదు. తెర నల్లగా అయ్యాక అడిగింది:

‘ఇంతకీ ఆ పిల్లాడు రాత్రి అన్నం తిన్నాడా?’

వద్దన్నాడని నాకు గుర్తుంది. తర్వాత తిన్నాడో లేదో తెలియదు. అప్పటికి ఆ సినిమా ఆరుసార్లు చూశాను, ఒక్కసారి కూడా ఆ సంగతి గమనించలేదు. రిమోట్ తీసుకుని, వాడు ఇంటికి తిరిగొచ్చిన చోటి దాకా వెనక్కి తిప్పాను.