మిలిటరీ పెన్షన్ మీద హోమ్ లోన్: 2017 నుంచి కడతా ఉన్నా, నా అనుభవం

నేను ఆర్మీలో సుబేదార్‌గా 2016లో రిటైర్ అయినా. ఆ మరుసటి ఏడాది తిరుపతిలో తిరుచానూరు రోడ్డు వైపు ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ తీసుకున్నా, పెన్షన్ చూపించి 18 లక్షల లోన్, 15 ఏళ్ళకి, ఈఎంఐ 17,600 దాకా పడింది. రెండో ఉద్యోగం జీతం ఇంటి ఖర్చుకి, పెన్షన్ లోన్‌కి అని అప్పుడే అనుకున్నాం ఇంట్లో. ఇప్పటికీ అట్లే నడుస్తా ఉంది. ఆర్మీలో ఉండే మన పిల్లకాయలు రిటైరయ్యేదానికి ఏడాది ముందు ఫోన్ చేసి అడిగేది ఒకటే మాట, సాబ్ ఏ బ్యాంకులో రేటు తక్కువ అని. రేటు గురించి కూడా చెప్తా గానీ ఇన్నేళ్ళు కట్టినాక నాకు అర్థమైంది ఏందంటే మిలిటరీ వాడికి రేటు మొదటి ప్రశ్న కాదు.

మొదటి ప్రశ్న, నేను పోతే నా భార్య ఈ ఈఎంఐ కట్టగలదా?

ఇది బ్యాంకులో ఎవరూ అడగరు. మన పెన్షన్ స్లిప్పు చూస్తారు, అందులో సగమో కొంచెం జాస్తో ఈఎంఐకి పోవచ్చు అని లెక్క కడతారు, శాంక్షన్ లెటర్ ఇస్తారు. కానీ మన పెన్షన్ చివరి జీతంలో 50 శాతం, మనం పోయినాక ఇంట్లోవాళ్ళకి వచ్చే మామూలు ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం. మధ్యలో ఎన్‌హాన్స్‌డ్ రేటు అని ఉంటుంది, రిటైరైనాక పోతే ఏడేళ్ళ పాటు, లేదంటే మనకి 67 ఏళ్ళు వచ్చే తేదీ వరకు, ఏది ముందైతే అది, అప్పటిదాకా 50 శాతమే ఇస్తారు. ఆ తర్వాత 30కి దిగిపోతుంది. అంటే మీకు వంద వస్తా ఉంటే ఆమెకి అరవై వస్తుంది, ఈఎంఐ మాత్రం అంతే ఉంటుంది. కాబట్టి లెక్క వేసుకునేటప్పుడు మీ పెన్షన్ మీద కాదు, ఆ 30 శాతం మీద వేసుకోండి, అందులో ఈఎంఐ పోయి ఆమెకి ఇల్లు నడిచేంత మిగలాల. మిగలకపోతే లోన్ తగ్గించుకోండి, ఫ్లాట్ చిన్నది చూసుకోండి. మాకు బ్యాంకు వాళ్ళు 20 ఏళ్ళకి ఇంకా జాస్తి లోన్ ఇస్తామన్నారు, త్రిబుల్ బెడ్‌రూమ్ చూసుకోమని బిల్డర్ కూడా వెంటబడినాడు, మేము ఈ లెక్క పేపర్ మీద వేసి చూసుకుని 18 దగ్గర ఆగిపోయినాం.

దీంట్లో ఇంకో సంగతి ఉంది, కమ్యుటేషన్. పెన్షన్‌లో 50 శాతం దాకా అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు, చాలామంది మార్జిన్ మనీ (ఇంటి ధరలో మన చేతి నుంచి పెట్టే వాటా) అట్లే కడతారు. 15 ఏళ్ళకి ఆ కోసిన భాగం మళ్ళీ కలుస్తుంది. డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం) మాత్రం కోయకముందు ఉన్న పూర్తి పెన్షన్ మీదే వస్తుంది, ఫ్యామిలీ పెన్షన్‌కి ఈ కోత తగలదు. అది మంచి విషయం. అందుకే కమ్యుటేషన్ జాస్తి తీసుకుని లోన్ తక్కువ పెట్టుకునేవాళ్ళు ఉన్నారు, నేనైతే కొంచెమే తీసుకున్నా ఎందుకంటే మా పిల్లల చదువులు అప్పుడు మధ్యలో ఉన్నాయి, నెల నెలా వచ్చేది తగ్గకూడదు అనుకున్నాం. ఇది ఎవరి ఇంటిని బట్టి వాళ్ళు తేల్చుకోవాల్సిందే.

మా యూనిట్‌లో నాతో చేసినాయన ఒకాయన, పీలేరు పక్క ఊరు, 2021లో కరోనాలో పోయినాడు. ఆయనది 20 ఏళ్ళ లోన్, ఆయన భార్య కో-అప్లికెంట్ (లోన్‌లో రెండో పేరు). ప్రస్తుతం ఎన్‌హాన్స్‌డ్ రేటు వస్తా ఉంది కాబట్టి కట్టుకుంటా ఉంది, 2028లో అది తగ్గేనాటికి లోన్ ఇంకా మిగిలే ఉంటుంది. మేమంతా కూర్చుని ఆమెకి చెప్పినాం, వచ్చిన ఇన్సూరెన్స్ డబ్బులో కొంత తీసుకుని ఇప్పుడే పార్ట్ పేమెంట్ కట్టి ఈఎంఐ తగ్గించమని అడుగమ్మా, టెన్యూర్ (లోన్ కట్టే కాలం) కాదు ఈఎంఐనే తగ్గించమను అని. ఆమె ఒక్కతే పోతే కౌంటర్‌లో సరిగ్గా సమాధానం కూడా చెప్పలేదు, మేము వెంట పోయి లెటర్ రాసి ఇచ్చి అక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకున్నాక పని అయింది. ఆ రోజు నాకు కలిగిన బాధ అంతా ఇంతా కాదు, సియాచిన్‌లో పోస్టింగ్ చేసిన మనిషి భార్య ఆమె. ఇట్లాంటి ఆడవాళ్ళ కోసమే నేను ఇది రాస్తా ఉండేది. దయచేసి మీ భార్యని కో-అప్లికెంట్‌గా పెడితే చాలదు, శాంక్షన్ లెటర్ ఆమెకి చదివి చెప్పండి, పీపీఓలో (పెన్షన్ మంజూరు పత్రంలో) ఆమె పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో చూడండి, లోన్ అకౌంట్ నంబర్ ఆమె ఫోన్‌లో ఉండాల.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక మాట. లోన్ ఇచ్చేటప్పుడు హోమ్ లోన్ ఇన్సూరెన్స్ అని సింగిల్ ప్రీమియం లోన్‌లోనే కలిపేస్తారు, దానికి కూడా వడ్డీ కడతాం. అది తప్పనిసరి అని మాకు చెప్పినారు. తప్పనిసరి కాదు. రాతపూర్వకంగా ఇవ్వండి అని అడిగితే వెనక్కి తగ్గినారు. నేను బయట మామూలు టర్మ్ పాలసీ తీసుకున్నా, దానికి తోడు ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ వాళ్ళ ఎక్స్‌టెండెడ్ ఇన్సూరెన్స్ ఉంది. కవర్ మాత్రం ఉండి తీరాల, ఎవరి దగ్గర తీసుకోవాల అనేది మన ఇష్టం.

ఇంగ రేటు సంగతి. నేను తీసుకున్నప్పుడు ఎంసీఎల్ఆర్ (బ్యాంకు తన ఖర్చుని బట్టి పెట్టుకునే సొంత రేటు) మీద 8.35 శాతం. 2019 అక్టోబర్ నుంచి కొత్త లోన్లన్నీ బయటి బెంచ్‌మార్క్‌కి, అంటే ఎక్కువగా ఆర్బీఐ రెపో రేటుకి (ఆర్బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రేటు) ముడిపెట్టినారు, పాత వాళ్ళు అడిగితేనే మారుస్తారు, మన కోసం వాళ్ళంతట వాళ్ళు మార్చరు. 2020లో రెపో 4 శాతానికి వచ్చినప్పుడు నేను అప్లికేషన్ ఇచ్చి మారినా. ఈఎంఐ తగ్గిస్తామన్నారు, వద్దు అదే ఉంచండి అన్నా, అసలు గబగబా తగ్గింది ఆ రెండేళ్ళు. ఈ లోన్ మీద మాకు బాగా కలిసొచ్చింది అదే. ఎందుకంటే 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో 4 నుంచి 6.5కి పోయింది, రెండున్నర శాతం, అప్పుడు ఈఎంఐ పెరగలేదు కాబట్టి చాలామంది ఏమీ కాలేదు అనుకున్నారు గానీ లోపల టెన్యూర్ పెంచేసినారు. ఒక మెసేజ్ కూడా రాలేదు నాకు. స్టేట్‌మెంట్ తీసి చూస్తే చివరి వాయిదా తేదీ జరిగిపోయి ఉంది. పెన్షనర్‌కి ఇది మామూలు వాళ్ళకంటే జాస్తి కష్టం, లోన్ ఫలానా వయసు లోపల తీరిపోవాల అని బ్యాంకు రూల్ ఉంటుంది కదా, టెన్యూర్ సాగి సాగి ఆ వయసు దాటే పరిస్థితి వస్తే అప్పుడు ఒక్కసారిగా ఈఎంఐ పెంచుతారు. మా వాళ్ళలో ఒకాయనకి అదే జరిగింది. 2023 ఆగస్టులో ఆర్బీఐ రూల్ తెచ్చింది, రేటు మారితే మనకి చెప్పాల, ఈఎంఐ పెంచుకోవాలా టెన్యూర్ పెంచుకోవాలా రెండూ కొంచెం కొంచెమా అని మనల్ని అడగాల, ఫిక్స్‌డ్‌కి మారే దారి కూడా చూపించాల. అడిగే హక్కు ఉంది ఇప్పుడు, వాడుకోండి. ఓఆర్ఓపీ (ఒకే ర్యాంకుకి ఒకే పెన్షన్) అరియర్స్ 2023లో వచ్చినప్పుడు అట్లే తీసుకుపోయి పార్ట్ పేమెంట్ కట్టినా, ఫ్లోటింగ్ రేటు లోన్‌కి ముందు కట్టినందుకు పెనాల్టీ ఉండదు, పక్కకి జరిగిన తేదీ మళ్ళీ వెనక్కి వచ్చింది. 2025లో రెపో తగ్గుతా వచ్చి డిసెంబర్‌కి 5.25 అయింది, ఇప్పుడు కూడా ఈఎంఐ మార్చొద్దనే చెప్పినా.

డిఫెన్స్ వాళ్ళకి ప్రత్యేకం అని చెప్పేదాంట్లో నిజంగా పనికొచ్చేవి ప్రాసెసింగ్ ఫీజు మాఫీ, కొంచెం రేటు తగ్గింపు, 75 ఏళ్ళ వయసు దాకా కట్టే వీలు. ఎస్బీఐలో శౌర్య హోమ్ లోన్ అని పేరు పెట్టి ఇస్తారు, మిగతా బ్యాంకుల్లో డిఫెన్స్ శాలరీ ప్యాకేజీ కింద వస్తాయి. 75 దాకా అనేసరికి మనకి సంతోషంగా ఉంటుంది, ఈఎంఐ తగ్గుతుంది, కానీ నేను పైన చెప్పిన ఎన్‌హాన్స్‌డ్ పెన్షన్ 67కే ఆగిపోతుంది అనేది గుర్తు పెట్టుకోండి. నా వరకు అయితే 67 లోపల లోన్ తీరిపోయేలా పెట్టుకోవాల, అంతే.

పెన్షన్ స్పర్శ్‌కి (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ పద్ధతి) మారినాక ఒక కొత్త సమస్య చూసినా. ఏటా లైఫ్ సర్టిఫికెట్ పడకపోతే పెన్షన్ ఆగిపోతుంది, పెన్షన్ ఆగితే ఆ నెల ఈఎంఐ బౌన్స్, బౌన్స్ ఛార్జీ, సిబిల్ స్కోరు దిగడం, అన్నీ వరసగా. మనిషి బతికే ఉన్నాడు, వేలిముద్ర సరిగ్గా పడలేదు అంతే. అందుకని ఈఎంఐ పోయే అకౌంట్‌లో రెండు మూడు నెలల ఈఎంఐ ఎప్పుడూ పక్కన పెట్టి ఉంచండి.

ఇప్పుడు ఆస్తి కాగితాలు. తిరుపతిలో ఇల్లు కొనేవాళ్ళకి దీని గురించి గట్టిగా చెప్పాల. ఇక్కడ చుట్టుపక్కల దేవస్థానం భూములు, మఠం భూములు, ప్రభుత్వ భూములు చాలా ఉన్నాయి, 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబర్ ఉందంటే రిజిస్ట్రేషనే కాదు, లోన్ మాట దేవుడెరుగు. బ్యాంకు లాయర్ లీగల్ ఒపీనియన్ ఇస్తాడు గానీ అది బ్యాంకు కోసం, మన కోసం వేరే లాయర్‌కి లింకు డాక్యుమెంట్లన్నీ చూపించుకోండి, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల రికార్డు) పాతకాలం నుంచి తీయించండి, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) లేదా కార్పొరేషన్ ప్లాన్‌లో ఎన్ని ఫ్లోర్లకి పర్మిషన్ ఉంది, కట్టింది ఎన్ని అనేది నిలబడి లెక్కపెట్టుకోండి. మేము మొదట చూసిన ఫ్లాట్ పైన పెంట్‌హౌస్ ప్లాన్‌లో లేదు, మాకు నచ్చినా వదిలేసినాం.

ఎక్స్ సర్వీస్‌మన్ కోటాలో ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ భూమి ఉండేవాళ్ళు, చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు మన వాళ్ళు చాలామంది, ఆ భూమిలో ఇల్లు కట్టుకోవాల, లేదా అది అమ్మి తిరుపతిలో ఫ్లాట్ కొనాల అనుకుంటారు. మాజీ సైనికులకి ఇచ్చిన భూమి పదేళ్ళ తర్వాత అమ్ముకోవచ్చని 1993లోనే జీఓ ఉంది, నంబర్ 1117. అయినా ఆ సర్వే నంబర్లు 22ఏలో ఇరుక్కుని ఉంటాయి, రెవెన్యూ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోకుండా ఏ బ్యాంకూ తాకట్టుకి ఒప్పుకోదు. సర్వీసులో ఉండగానే, సెలవులకి వచ్చినప్పుడే ఈ పని మొదలు పెట్టుకోండి, రిటైరైనాక మొదలు పెడితే గ్రాట్యుటీ డబ్బు కరిగిపోతా ఉంటుంది, కాగితం కదలదు.

చేతిలో ఎంత ఉండాల అంటే, 30 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు, 30 నుంచి 75 లక్షల దాకా లోన్ అయితే 80 శాతం. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి మన రాష్ట్రంలో ఏడున్నర శాతం, అది లోన్‌లో కలవదు, చేతి నుంచే పోతుంది. కేంద్రం పీఎం ఆవాస్ అర్బన్ 2.0లో వడ్డీ రాయితీ ఉంది, ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం, 35 లక్షల లోపు ఇల్లు, 25 లక్షల లోపు లోన్, దేశంలో యాడా పక్కా ఇల్లు ఉండకూడదు, మొత్తం మీద 1.80 లక్షల దాకా వస్తుంది. మన పెన్షనర్లు చాలామంది దీంట్లోకి వస్తారు, బ్యాంకు వాళ్ళు చెప్పకపోతే మీరే అడగండి. యుద్ధంలో పోయినవాళ్ళ కుటుంబాలకి, యుద్ధంలో గాయపడి డిసేబుల్ అయినవాళ్ళకి, డ్యూటీ కారణంగా పోయినవాళ్ళ కుటుంబాలకి కేంద్రీయ సైనిక్ బోర్డు ఇంటి లోన్ వడ్డీలో సగం, లక్ష రూపాయల దాకా తిరిగి ఇస్తుంది, సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా అప్లై చెయ్యాల.

మా బామ్మర్ది కొడుకు అమెరికాలో అక్కడి ఆర్మీలో చేసి బయటకి వచ్చినాడు, టెక్సాస్‌లో వీఏ (అక్కడి మాజీ సైనికుల శాఖ) లోన్ మీద కాండో, అంటే ఫ్లాట్ కొన్నాడు. వాళ్ళకి 1944 నుంచీ ఉంది ఈ పద్ధతి. లోన్ బ్యాంకే ఇస్తుంది, కానీ కట్టకపోతే కొంత భాగానికి ప్రభుత్వం గ్యారంటీ నిలబడుతుంది, అందుకే చేతి నుంచి డౌన్ పేమెంట్ పైసా లేకుండా ఇల్లు వస్తుంది. మొదటిసారి అయితే 2.15 శాతం ఫండింగ్ ఫీజు ఉంటుంది, సర్వీసులో దెబ్బతిని డిసేబిలిటీ పరిహారం తీసుకునేవాళ్ళకి అదీ లేదు. కాండో అయితే ఆ బిల్డింగ్ మొత్తం వీఏ ఒప్పుకున్న జాబితాలో ఉండాల. వాడు ఫోన్‌లో ఇదంతా చెప్తా ఉంటే నేను ఒక్కటే అడిగినా, నువ్వు పోతే నీ భార్య పరిస్థితి ఏంది అని. సర్వీసు కారణంగా చనిపోయినవాళ్ళ భార్యలు వాళ్ళ పేరు మీదే ఆ లోన్ తీసుకోవచ్చంట. మన దగ్గర రేటులో పాయింట్ రెండు శాతం తగ్గింపు కంటే ఇట్లాంటి గ్యారంటీ ఒకటి ఉంటే ఎంత బాగుండు, ఫ్యామిలీ పెన్షన్ 30కి పడిన రోజు మిగిలిన లోన్‌కి ప్రభుత్వం కొంత నిలబడితే చాలు. మాజీ సైనికుల సంఘాలు ఓఆర్ఓపీ కోసం కొట్లాడినట్టు దీని కోసం కూడా అడగాల అని నా గట్టి అభిప్రాయం.

మా బ్యాంకుకి మార్కులు అంటే, శాంక్షన్ త్వరగా ఇచ్చినందుకు ఐదుకి నాలుగు, ఆ తర్వాత సర్వీసుకి రెండు. లోన్ తీరినాక ఒరిజినల్ డాక్యుమెంట్లు 30 రోజుల్లో ఇవ్వాల, లేటైతే రోజుకి 5,000 రూపాయలు మనకి కట్టాల అని 2023 డిసెంబర్ 1 నుంచి రూల్ ఉంది. చిత్తూరులో మా ఫ్రెండ్ మొన్న క్లోజ్ చేసినప్పుడు ఈ సర్క్యులర్ ప్రింట్ తీసి అప్లికేషన్‌తో పాటు పెట్టినాడు, గడువు లోపలే ఇచ్చేసినారు. డాక్యుమెంట్లు తీసుకున్నాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో బ్యాంకు తాకట్టు రద్దు చేయించి, కొత్త ఈసీ తీసి చూసుకోండి, కాగితాల ఫైలు యాడ ఉందో ఇంట్లో ఇద్దరికీ తెలిసి ఉండాల.