ఫైటర్ చేపకి స్పాంజ్ ఫిల్టర్: రెండున్నరేళ్లు వాడాక నా మాట

నేను కొన్న స్పాంజ్ ఫిల్టర్ డబ్బా మీద, వారానికోసారి కొళాయి కింద పెట్టి శుభ్రంగా కడగమని ఒక ముక్క రాసి ఉంది. ఫిల్టర్ మీద నాకెంత ఇష్టమో, ఆ ముక్క మీద అంత కోపం.

ముందు ఇష్టం సంగతి చెబుతాను. మాది 25 లీటర్ల తొట్టి, ఒకటే మగ ఫైటర్. అమ్మ వాణ్ణి చంటిగాడు అంటుంది. మొదట్లో మోటారు ఫిల్టర్ పెట్టాను. అది నీళ్లు తోసే జోరుకి వాడి పొడుగు రెక్కలు గాలికి ఎగిరే చీరకొంగులా ఒక పక్కకి లాగేసేవి. పాపం, రోజంతా మొక్క వెనకాలే నక్కి ఉండేవాడు. స్పాంజ్ ఫిల్టర్‌లో ఆ తోపుడు లేదు. గాలి బుడగలు పైకి పోతుంటే వాటితోపాటే నీళ్లు స్పాంజ్‌లోంచి మెల్లగా కదులుతాయి, అంతే. పెట్టిన రోజు సాయంత్రానికే చంటిగాడు తొట్టంతా తిరిగాడు. వారం తిరక్కుండా ఒక మూల నీటి మీద నురగ గూడు కట్టాడు. మూడొందల లోపు వస్తువుకి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

అప్పట్లో మేం రాజమండ్రిలోనే బోరు నీళ్ల ఇంట్లో ఉండేవాళ్లం. డబ్బా మీద రాసినట్టే వారం వారం స్పాంజ్‌ని కుళాయి కింద పిండేవాణ్ణి. ఏడాదిన్నర ఏమీ కాలేదు. "కొళాయి కింద పెట్టెయ్, ఏం కాదు" అని మా బావమరిదికి కూడా గట్టిగా చెప్పాను. తర్వాత మున్సిపల్ కనెక్షన్ ఉన్న ఇంటికి మారాం. తొట్టిలో పోసే నీళ్లకి యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యాలని తెలుసు, తప్పకుండా వేశాను కూడా. స్పాంజ్ కడిగే నీళ్ల గురించి మాత్రం నా బుర్రకి తట్టలేదు. సామాను సర్దుకోవడంలో పడి అసలు కొన్నాళ్లు దాని జోలికే పోలేదు.

వరలక్ష్మీ వ్రతం ముందురోజు. గోదావరికి వరద. ఆ రోజుల్లో కొళాయి తిప్పగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంటుంది. అమ్మ ఇల్లు కడుగుతూ, "పూజకి అన్నీ తోముతున్నాం, ఆ నల్లముద్ద మాత్రం అలాగే ఉంచుతావేంట్రా?" అంది. తీసుకెళ్లి పది నిమిషాలు పిండాను. గోధుమరంగు జిగురు పోయి, తేటనీరు వచ్చేదాకా వదల్లేదు. కొత్తదానిలా అయ్యిందని మురిసిపోయాను.

ఆదివారం పొద్దున గింజలు వేస్తే చంటిగాడు రాలేదు. మామూలుగా గాజు మీద వేలు పెడితే చాలు ఉరికొస్తాడు. రెక్కలు తడిసిన గొడుగు మడిచినట్టు ఒంటికి అతుక్కుపోయాయి, మొప్పల అంచు ఎర్రబడింది. ఫైటర్ పైకొచ్చి గాలి పీల్చుకోవడం మామూలే గానీ, వాడు పైనుంచి కిందకి దిగడమే మానేశాడు. జబ్బేమో అనుకుని షాపుకెళ్లి నీలం మందు కొనుక్కొచ్చాను. మూత తీసే ముందు, అదృష్టం కొద్దీ, నీళ్లలో అమోనియా ఎంతుందో చూసే టెస్ట్ కిట్ గుర్తొచ్చింది. 5 మిల్లీలీటర్ల నీళ్లలో చుక్కలు వేసి ఊపాను. పసుపుగా ఉండాల్సింది కాస్తా ఆకుపచ్చకి తిరిగింది. కార్డుతో పోలిస్తే అమోనియా 2 పీపీఎం, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాములు. అసలు సున్నా ఉండాలి.

చేప వదిలేదాంట్లోంచి, తినకుండా మిగిలిన గింజల్లోంచి అమోనియా పుడుతుంది. స్పాంజ్‌లో కాపురముండే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టిలో అది కుదురుకోవడానికే నాలుగైదు వారాలు పడుతుంది. నేను ఆ బాక్టీరియా ఉన్న జిగురంతా పిండి పారేసి, మిగిలినదాన్ని కొళాయి నీళ్లలోని క్లోరిన్‌కి అప్పగించాను. బోరులో క్లోరిన్ లేదు కాబట్టి ఏడాదిన్నర ఆట సాగింది. అది బోరు గొప్ప, ఫిల్టర్‌ది కాదు, నాది అసలే కాదు. బావమరిదికి ఫోన్ చేసి నా మాట వెనక్కి తీసుకున్నాను.

రెండు రోజులు తిండి ఆపేశాను. పది రోజులు రోజూ సగం నీళ్లు, చుక్కలు వేసి, తొట్టి నీళ్లంత వెచ్చగా ఉన్నాయో లేదో చేత్తో చూసి మార్చాను. అసలు కాపాడింది మాత్రం ఒక ఫ్రెండ్ తన తొట్టిలోంచి కోసిచ్చిన పాత స్పాంజ్ ముక్క. తడి కవర్‌లో తెచ్చి మా ఫిల్టర్ పక్కన పెట్టాను. పన్నెండో రోజుకి టెస్ట్ కిట్ చుక్కలు పసుపులోనే ఉన్నాయి. తోక చివర చిరిగిన చోట నెలకి అద్దంలా రంగులేని కొత్త అంచు వచ్చింది. ఇప్పటికీ అక్కడ వాడి ఒంటి నీలం రంగు పూర్తిగా ఎక్కలేదు.

ఇప్పుడు మూడు నాలుగు వారాలకోసారి, నీళ్లు మార్చే రోజు, తొట్టిలోంచి తీసిన నీళ్ల బకెట్‌లోనే స్పాంజ్‌ని మూడుసార్లు పిండుతాను. మురికి ఇంకా కారుతున్నా సరే, వెనక్కి పెట్టేస్తాను. ఆ నీళ్లు అమ్మ కనకాంబరాలకి పోస్తుంది.

ఈ ఫిల్టర్ పెట్టాక నీళ్లు మార్చే పని సగం తగ్గిందని కూడా ఒకప్పుడు అందరికీ చెప్పాను. అంత లేదు. నైట్రేట్‌ని ఇది తీసెయ్యదు. వారానికి పావు వంతు మారుస్తూనే ఉన్నాను. ఎయిర్ పంపు రొద ఉంటుంది, కింద పాత తువ్వాలు మడిచి పెట్టాను. పంపుని తొట్టి కన్నా కింద పెట్టేవాళ్లు ట్యూబ్‌కి నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్ ఒకటి తప్పకుండా కొనుక్కోండి. కరెంటు పోతే నీళ్లు వెనక్కి దిగి పంపులోకి వస్తాయి. డబ్బాలో అది ఇవ్వరు.

నాలాగా ఒకే చేప, ఈ సైజు తొట్టి, వారానికి అరగంట తీరిక ఉన్నవాళ్లకైతే కొనుక్కోమంటాను. చిన్న గాజు గిన్నెలో ఉంచేవాళ్లకి దీనికే చోటు చాలదు, ముందు తొట్టి మార్చాలి. గుంపుగా చేపలున్న పెద్ద తొట్టికి ఇదొక్కటే సరిపోతుందా అంటే, నేను పెంచలేదు కాబట్టి చెప్పలేను. మా స్పాంజ్ ఈమధ్య మెత్తబడి అంచులు ఊడుతోంది. కొత్తది తెచ్చి పోయిన వారం నుంచి పాతదాని పక్కనే నీళ్లలో ఉంచాను. రెండూ కలిపి నెల రోజులు నడిచాకే పాతది తీస్తాను. ఈలోపు తిరగడానికి చోటు తగ్గిందని చంటిగాడు రెండింటి మీదా మొప్పలు విప్పి పోట్లాడుతున్నాడు.